ఆటపెట్టెలో పుట్టిన ఊరు

నా మెడమీద ఒక ఊరు కూర్చుని ఉంది. ఏళ్ళ తరబడి. పెద్ద ఊరేమీ కాదు. ఒక కొండ, ఒక వాగు, కాసిని పూరిళ్ళు. అయినా బరువే. దించుకుందామని ఎన్నోసార్లు వంగాను. వంగిన ప్రతిసారీ చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆ ఊరు ఇంకాస్త గట్టిగా కూర్చుంది.

నవ్వడం వాళ్ళ తప్పు కాదు. నేను కోతలరాయుణ్ణి. ఫిజీలో లౌతోకా పక్కన మా లోవు అనే ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. రారవాయి మిల్లుకి చెరకు మోసే చిన్న రైలుని, డ్రైవరు కునుకు తీస్తే ముంగిస నడుపుకొచ్చిందని చెప్పింది నేనే. తుఫాను మా ఇంటి రేకుల కప్పు ఎగరేసుకుపోయి, పొరపాటైందని మర్నాడు తెచ్చి కప్పి వెళ్ళిందని చెప్పిందీ నేనే. సాయంత్రాలు వేరుపొడితో చేసే మత్తు పానీయం నంగోనా కలిపిన చెక్కగిన్నె చుట్టూ చాపల మీద కూర్చుంటాం. కొబ్బరి చిప్ప రెండోసారి తిరిగేసరికి ఎవరో ఒకరు "ఊఁ, మొదలెట్టు భయ్యా" అంటారు. మొదలెడతాను. అది అబద్ధమని వాళ్ళకి తెలుసు. వాళ్ళకి తెలుసని నాకూ తెలుసు. కోతకీ మోసానికీ మధ్య ఉన్న గోడ అదొక్కటే. ఆ గోడని నేను ఒక్కసారి దాటాను. దాటానంటే ఎవరూ నమ్మరు. అదీ నా చిక్కు.

అందుకే మీకు రాస్తున్నాను. మీ మొహం నాకు కనబడదు. మీరు నవ్వినా నాకు వినబడదు.

నేను టీవీలు, రేడియోలు బాగుచేసేవాణ్ణి. బస్టాండు పక్కన చేపలూ చిప్సూ అమ్మే కొట్టు ఒకటుండేది. అందులో ఒక ఆటపెట్టె. మనిషెత్తు చెక్క బీరువా, కళ్ళ ఎత్తున ఒక తెర, దాని కింద అటూ ఇటూ తిప్పే కర్ర, పక్కనే ఎర్ర బొత్తాం, నాణెం వేసే సందు. నాణెం వేస్తే తెరమీద రాకెట్లు దిగేవి, బొత్తాం నొక్కుతూ వాటిని పేల్చాలి. గొడవలప్పుడు కొట్టు మూతపడింది. మా దగ్గర గొడవలంటే తోడికోడళ్ళ గొడవలు కావు, తుపాకులు పట్టుకొచ్చి ప్రభుత్వాన్ని దించెయ్యడం. ఆ కొట్టాయన ఉన్నవన్నీ అమ్ముకుని ఆక్లాండు వెళ్ళిపోతూ, ఎవరూ కొనని ఆ పెట్టెని మా తెలుగువాళ్ళ సంఘం హాలుకి దానం ఇచ్చాడు.

దాన్నేం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. అదే సమయానికి ఎవరిదో ఆఫీసులో పాతబడిన కంప్యూటరు ఒకటి పారేస్తుంటే సంఘం కార్యదర్శి తెచ్చాడు. ఇంటర్నెట్ అనే మాట అప్పుడే లోవు దాకా వచ్చింది. కంప్యూటరుని ఆటపెట్టెలో బిగించి హాలు వరండాలో పెడితే వచ్చేపోయేవాళ్ళు ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు కదా అని మీటింగులో నేనే అన్నాను. ఎవరు చేస్తారన్నారు. నేనన్నాను. ఎన్నాళ్ళన్నారు. వారం అన్నాను. అది కూడా కోతే. మిల్లులో చెరకు క్రషింగ్ మొదలైనప్పుడు పని మొదలుపెట్టాను. ఆర్నెల్లకి క్రషింగ్ ముగిసినా నేను ముగించలేదు.

ఎంత విసిగించిందో చెప్పలేను. ఆ పెట్టె తెర కంప్యూటరు మాట వినలేదు. గీతలు గీతలుగా పరిగెత్తేది. దాన్ని పీకేసి ఆఫీసు తెరే పెడదామంటే చెక్క కన్నంలో పట్టలేదు. రంపంతో కోస్తే కన్నం పెద్దదైంది. అడుగుచెక్కని చెదలు తినేశాయి. దాన్ని మారిస్తే పెట్టె ఒక పక్కకి ఒరిగింది. చెరకుతోటలు తగలబెట్టే రోజుల్లో నల్లటి మసి గాల్లో తేలుతూ వచ్చి లోపలి ఫ్యానులో చుట్టుకునేది. విప్పి, ఊది, బిగించి, మళ్ళీ విప్పేవాణ్ణి. పెట్టె పక్కల మీదున్న రాకెట్ల బొమ్మలు కనబడకూడదని కమిటీ అంటే గుడికి వేయగా మిగిలిన పసుపురంగు పూశాను. రెండు పూతలేసినా రాకెట్ ముక్కు కనబడుతూనే ఉండేది. కర్ర తీసేసి, మౌసుని వెల్లకిలా తిప్పి బల్లలో దింపాను. దాని పొట్టలో బంతి మీద వేలు ఆడిస్తే తెరమీద బాణం కదులుతుంది. అదొక్కటీ నాకు నచ్చిన పని. ఎర్ర బొత్తాన్ని మాత్రం ఉంచాను. దాని తీగల్ని కీబోర్డులో ఎంటర్ మీట కిందికి టంకం వేశాను. ఏం టైపు చేసినా చివర ఎర్ర బొత్తాం నొక్కాలి. రాకెట్ పేల్చినట్టే.

ఇంతా చేస్తే, ఇంటర్నెట్ రావాల్సిన టెలిఫోను లైను. అది కలిసేది కాదు. కీచుమని అరిచేది, గురక పెట్టేది, కలిసినట్టే కలిసి తెగేది. ఎక్కడో నవాకా దగ్గర వానపడితే మా లైను చచ్చిపోతుందని ఫోనువాళ్ళు చెప్పారు. నాకన్నా పెద్ద కోతలరాయుళ్ళున్నారని అప్పుడు తెలిసింది.

ఈ విసుగు ఎందుకు ఇంత చెబుతున్నాను? నా తప్పుకి ఇదే కారణమని మీరు అనుకోవాలనా? ఏమో. నేను ఏది చెప్పినా దాని వెనకాల ఒక లెక్క ఉంటుందని నాకే అనుమానం. సరే, అవ్వ దగ్గరికి వస్తాను.

ఆవిడ పేరు అప్పలమ్మ. మా లోవులో ఉన్న తెలుగువాళ్ళలో అప్పటికి అందరికన్నా పెద్ద. ఊరంతా హిందీలో ఆజీ అనేది. మా తాత నేర్పిన నాలుగు ముక్కల తెలుగు నా దగ్గర ఉంది కాబట్టి నేను మాత్రం అవ్వా అనేవాణ్ణి. తెలుగులో మాట్లాడడానికి ఆవిడకి ఇంకెవరూ మిగల్లేదు. కొడుకులూ కోడళ్ళూ అందరిలాగే మా ఫిజీ హిందీ. అందుకని నేను హాలు వరండాలో పెట్టెకి గరుకు కాగితం రుద్దుతుంటే వచ్చి మెట్టుమీద కూర్చునేది. నేను రుద్దేవాణ్ణి, ఆవిడ చెప్పేది.

వాళ్ళ నాన్న అప్పలస్వామి గిరిమిట్ కూలీగా, అంటే చెరకుతోటల్లో ఐదేళ్ళ ఒప్పందం మీద, ఓడెక్కి వచ్చినవాడు. వచ్చేనాటికి మీసాలు కూడా సరిగ్గా రాలేదట. అమ్మానాన్నా పోయారు. ఇంట్లో ఒక చిన్న చెల్లెలు, ఒక అంబలి కుండ. ఒకరోజు పొద్దున్న సంతలో ఏదైనా పని దొరుకుతుందేమో చూసొస్తానని బయల్దేరుతూ, కుండలో ఉన్న కాస్తా చూపించి చెల్లెలికి చెప్పాడట. "నేనొచ్చేదాకా ముట్టుకోకు. ఇద్దరం కలిసి తిందాం." సంతలో కూలీలని కుదిర్చేవాడు దొరికాడు. పక్క ఊళ్ళోనే పని అన్నాడు. ఆ పక్క ఊరు ఫిజీ.

తిరిగి వెళ్ళలేదు. ఇక్కడే చెరకు కొట్టాడు, పెళ్ళాడాడు, పిల్లల్ని కన్నాడు, పోయాడు. బతికినన్నాళ్ళూ కంచం ముందు కూర్చోగానే ఒక ముద్ద తీసి అంచున పెట్టి "తినెయ్యవే" అనేవాడట. ఆ తర్వాతే తన నోట్లో పెట్టుకునేవాడు. ఆయన పోయాక ఆ ముద్ద అప్పలమ్మవ్వ పెట్టింది. నేను చూశాను. అన్నమైనా, రొట్టెముక్కైనా, ఉడికించిన కసావా దుంపైనా. తిన్నాక ఆ ముద్దని కిటికీ దిమ్మెమీద పెట్టేది. మైనాలు వచ్చి తినేవి. వాటికి వేళ తెలుసు. ముందే వచ్చి కూర్చుని అరుస్తుండేవి.

అవ్వ కోరిక ఒకటే. ఎవరైనా ఆ ఊరు వెళ్ళి, ఆ చోట నిలబడి, ఇక తినెయ్యమని ఒక్కమాట చెప్పాలి. "ఆ పిల్ల ఎప్పుడో సచ్చిపోయుంటాది. నాకు తెల్దా? అయినా సెప్పాల గదా, బేటా" అనేది. కానీ ఊరి పేరు తెలియదు. వాళ్ళ నాన్న చెప్పిన రోజుల్లో ఈవిడ చిన్నపిల్ల. గుర్తున్నవి రెండే. ఊరి వెనక పడుకున్న ఎనుములాంటి కొండ. పేరులో మొదటి అక్షరం.

"సీ," అనేది. కళ్ళు మూసుకునేది. "సీ... సీ... దాని ఎనక ఇంకేదో ఉన్నాది రా. నాలిక మీదికి వస్తాది, దిగిపోతాది."

నేను గరుకు కాగితం రుద్దుతూనే విన్నాను. ఎవరూ లేరు అక్కడ. ఆ అక్షరం ఆవిడ నోటినుంచి విన్నది నేనొక్కణ్ణే. ఇంట్లోవాళ్ళకి ఆవిడ తెలుగు అర్థమయ్యేది కాదు, అడిగేవాళ్ళూ కారు. దీన్ని గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోదామనుకుని మర్చిపోలేకపోయింది ఇదే.

ప్రారంభోత్సవం రోజు లైను ఉండదని నాకు ముందే తెలుసు. పందిరి వేశారు, స్వీట్లు చేయించారు, అంతా వస్తారు, తెర నల్లగా ఉంటే నా పరువేం కావాలి? అందుకని ఇంటర్నెట్ లేకపోయినా కనబడేలా ముందే ఒక పేజీ కట్టి కంప్యూటరులో దాచాను. ఇంటర్నెట్‌లో ఊరు వెతికితే ఇలా వస్తుంది అని చూపించడానికి. నమూనా. నమూనా అని చెప్పే చూపించాలనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అనుకున్నాననే అనుకుంటున్నాను.

ఊరికి పేరు కావాలి. అవ్వ చెప్పిన కొండ తీసుకున్నాను. ఎనుము పడుకున్న కొండ, దాని కింద ఊరు. ఎనుములవలస. రాసి చూసుకున్నాను. బాగుంది. చెప్పుకుంటే ఇంకా బాగుంది. ఒక వాగు పెట్టాను, తాటిచెట్లు పెట్టాను, కొండమీంచి సాయంత్రం పొగమంచు దిగుతుందని రాశాను. నేను చేసిన ఊళ్ళలో అంత బాగా వచ్చింది ఇంకోటి లేదు.

మరి "సీ"? దాంతో మొదలయ్యే పేరు ఒకటి రెండు ప్రయత్నించాను. సీతారాంపురం. అలాంటివి ఊరూరా ఉంటాయి. కొండకీ దానికీ కుదరలేదు. కథకి అడ్డంగా ఉంది. తీసేశాను. ఆవిడ దగ్గర ఉన్న నిజమంతా ఆ ఒక్క అక్షరం. నా కథకి అతకలేదని దాన్ని పక్కకి తోసేశాను. వడ్రంగి చెక్కపేడు తోసేసినట్టు.

ఆరోజు అనుకున్నట్టే లైను చచ్చింది. కార్యదర్శి మైకులో పెద్దవాళ్ళతో మొదలుపెడదాం అన్నాడు. అప్పలమ్మవ్వని తీసుకొచ్చారు. ఆవిడ ముందుగా పెట్టెకి కుంకం బొట్టు పెట్టింది. నాణెం వేసే సందు నేను మూసెయ్యడం మర్చిపోయాను. కొంగులోంచి ఒక నాణెం తీసి అందులో వేసింది. డబ్బులక్కర్లేదు ఆజీ అని అందరూ నవ్వారు. "ఊరికే అడిగితే దేవుడు కూడా పలకడు" అంది. నాణెం లోపల ఎక్కడో రేకుమీద పడి ఖంగుమంది.

ఆవిడ వేలు పట్టుకుని ఎర్ర బొత్తాం మీద పెట్టాను. నొక్కింది. తెరమీద కొండ వచ్చింది, వాగు వచ్చింది, పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో పేరు వచ్చింది. జనం ఓహో అన్నారు. ఆవిడకి ఏ భాషా చదవడం రాదు.

"ఏటి రాసినాది రా?"

"ఎనుములవలస, అవ్వా. మీ నాన్న ఊరు."

నమూనా అన్న మాట నా నోట్లోనే ఉంది. నోరు దాని చోటు ఇంకోదానికి ఇచ్చేసింది.

ఆవిడ తెర వంక చూసింది. నా వంక చూసింది.

"సీ తోని కదా మొదలు?" అంది, నాకొక్కడికే వినబడేలా.

"కాదవ్వా. ఇదే."

"సీ అని కదా నాయన..."

అప్పుడన్నాను. ఈ మాట రాయడానికే ఇన్ని కాగితాలు. ఇన్నేళ్ళు.

"నువ్వు మర్చిపోయావు అవ్వా. మిషన్ అబద్ధం చెప్తాదా?"

వెనక ఎవరో చప్పట్లు మొదలెట్టారు. ఆవిడ పెదవులు ఒకసారి ఆ అక్షరం పట్టుకున్నట్టు సాగాయి, మళ్ళీ మూసుకున్నాయి. తర్వాత తల ఊపింది.

"అచ్చా. మిషన్ సెప్తే అదే. ముసల్దాన్ని, నాకేటి తెల్సు." ఇంకాసేపటికి, జనంవైపు తిరిగి, గట్టిగా: "అవున్రా. ఎనుములే. మా నాయన ఎనుముల సంగతే సెప్పేటోడు!"

అంతే. నా అబద్ధం నడిచి వెళ్ళి ఆవిడ జ్ఞాపకంలో కూర్చుంది. అక్కడ అప్పటిదాకా కూర్చున్నదాన్ని లేపేసింది.

మీరు జాలి అనుకుంటున్నారా? ముసలావిడ, ఆఖరి కోరిక, పోనీలే పాపం అని చేశాడు అనుకుంటున్నారా? నేనూ చాలాకాలం నాకు అలాగే చెప్పుకున్నాను. కాదు. నా బతుకులో ఎప్పుడూ నా మాట ఎవరూ నమ్మలేదు. నవ్వారు, మెచ్చుకున్నారు, ఇంకోటి చెప్పమన్నారు. నమ్మలేదు. ఆరోజు ఒక మనిషి నమ్మింది. తన సొంత జ్ఞాపకాన్ని వదులుకుని మరీ నా మాట నమ్మింది. ఆ రుచి ఏమిటో తెలిసింది. అది జాలి కాదు. అది రుచి.

అక్కడితో ఆగినా బాగుండేది. అవ్వ రోజూ రావడం మొదలుపెట్టింది. ఊరు దొరికింది కదా, ఇక కబురు పంపించు అంది. పంపించానన్నాను. జవాబు వచ్చిందా అంది. లేదన్నాను. మర్నాడు మళ్ళీ. నేను ఫ్యానులో మసి దులుపుతుంటే, లైనుతో కుస్తీ పడుతుంటే, వెనకనుంచి "వచ్చిందా?" లైను కలిసేటప్పుడు పెట్టే కీచు అరుపు విని "ఎందుకురా అలా ఏడుస్తాది? వాళ్ళేనా?" అనేది. ఒకరోజు నిజంగానే లైను కలిసింది. ఆనందంతో నేను బంతిమీద వేలు పెట్టానో లేదో తెగింది. అదే క్షణంలో వెనకనుంచి "వచ్చిందా బేటా?"

వచ్చిందన్నాను. విసుగుతో. ఆవిడ నోరు మూయించడానికి. తెరమీద ఏమీ లేదు, లైను తెగిందన్న ఇంగ్లీషు ముక్క తప్ప. దాన్ని చూస్తూ గడగడా చదివాను. మీ కబురు అందింది, ఆ ఇంటి గడపలో నిలబడి చెప్పాం, ఆవిడ ముసలిదై పోయింది కానీ పోయేముందు కడుపునిండా తిన్నది, అన్న మీద కోపం లేదని చెప్పమంది అని చదివాను. కల్పించడానికి ఊపిరి తీసుకున్నంత సేపు కూడా పట్టలేదు. నాకు అలవాటే కదా.

అవ్వ ఏడవలేదు. మెట్టుమీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. చాలా బరువు దించినవాళ్ళు కూర్చున్నట్టు.

కొన్నాళ్ళకి వాళ్ళింట్లో రేడియో బాగుచేయడానికి వెళ్ళాను. భోజనం పెట్టారు. అవ్వ కంచం ముందు కూర్చుని అన్నం కలిపింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. అంచున ఏమీ పెట్టలేదు. కిటికీ దిమ్మెమీద మైనాలు రెండు అరుస్తున్నాయి. "పోండే, ఇంక నేదు. తినేసినాది" అని అదిలించింది. ఆ తండ్రి మొదలుపెట్టిన ముద్ద, ఆ కూతురు ఆపని ముద్ద, చెరకు పండినా ఎండినా ఆగని ముద్ద, ఒక టీవీ రిపేరువాడి విసుగుకి ఆగిపోయింది.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. ఇంకా పెద్ద అవకాశం వచ్చింది, అప్పుడూ చెప్పలేదు. దాన్నే తప్పు అంటున్నాను. ముందువన్నీ కోతలంటే కోతలు అనొచ్చేమో.

రాజధాని సూవా నుంచి ఒక రిటైరైన పంతులమ్మ వచ్చింది. గిరిమిట్ వాళ్ళ ఊళ్ళు వెతికిపెట్టడం ఆవిడ తీరికవేళ పని. మా హాల్లో కూర్చుని పెద్దవాళ్ళని ఒక్కొక్కరినీ పిలిచి, ఏం గుర్తుందో ఓపికగా అడిగేది. అప్పలమ్మవ్వ దగ్గరికి వచ్చింది. ఆవిడ బడి హిందీ అవ్వకి సరిగ్గా అందక, నేనే పక్కన నిలబడి తెలుగు చేస్తున్నాను. అప్పలస్వామి అనే పేరుతో వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారనీ, ఊరి పేరులో ఒక్క ముక్క గుర్తున్నా, ఒక్క అక్షరం గుర్తున్నా, అలాంటి పేర్లు తీసి వినిపిస్తాననీ, చెవికి తెలుస్తుందనీ అంది. ఒక్క అక్షరం. నా చేత్తో నా గుండెలోనే గుచ్చుకున్నట్టు నా నోటితోనే ఆ మాట తెలుగు చేసి అవ్వకి చెప్పాను.

అవ్వ నవ్వింది. "మాకెందుకమ్మా? మా ఊరు దొరికింది గదా. మన పెట్టె సెప్పినాది. ఈ బేటాయే సూపించినాడు."

అదీ నేనే హిందీలో చెప్పాను. పంతులమ్మ నా వంక చూసింది. హాలంతా నా వంక చూసింది. ఇంటింటా చెప్పుకునేవాళ్ళు ఆ సంగతి. నాకు దండ వేసి సన్మానం చేశారు దాని మీదే. నేనేం చేశానంటారు? నవ్వి, వినయంగా తల వంచాను. పంతులమ్మ తర్వాతి మనిషిని పిలిచింది.

"సీ" అని నేనొక్కమాట అంటే చాలు. అనలేదు.

అవ్వ ఆ మరుసటి వానాకాలంలో పోయింది. ప్రశాంతంగా పోయిందన్నారు. కావచ్చు. ఆ ప్రశాంతత కూడా నేను తయారుచేసిందే కాబట్టి దాన్ని చూసి సంతోషించే హక్కు నాకు లేదు. పెట్టె కూడా ఎంతోకాలం బతకలేదు. తుఫానుకి వరండాలోకి నీళ్ళొచ్చి పోయింది. విప్పితే అడుగున ఆ నాణెం దొరికింది. కుంకం అంటుకుని ఉంది. గుడి హుండీలో వేసేశాను. ఎందుకు వేశానో ఆ దేవుడికి తెలుసు.

తర్వాత సూవా వెళ్ళాను. ఎవరికీ చెప్పకుండా. పాత రికార్డులుండే చోట అడిగాను. "సీ"తో మొదలయ్యే ఊళ్ళనుంచి వచ్చిన అప్పలస్వాములు ఒకరు కాదు. పేర్లు నాకు చదివి వినిపించారు. విన్నాను. ఏం లాభం? చెవికి తెలుస్తుందని పంతులమ్మ అన్న చెవి నాది కాదు. ఇదేనా అవ్వా అని అడగడానికి ఎవరూ లేరు. పంతులమ్మ కూడా అప్పటికి పోయింది.

అప్పట్నుంచి నిజం చెప్పడం మొదలుపెట్టాను. చూడండి నా ఖర్మ. నంగోనా దగ్గర చెప్పాను. ఆ ఊరు లేదు, నేనే కట్టాను అన్నాను. ఒకడు తొడ చరిచి "ఇది ముంగిసకన్నా మంచి గప్పు, భయ్యా" అన్నాడు. కోపంతో చిప్ప విసిరికొట్టాను. ఇంకా నవ్వారు. కార్యదర్శికి చెప్పాను. సన్మానం తిరిగి తీసుకోమన్నాను. నీ వినయం మాకు తెలీదా అన్నాడు. అబద్ధం ఒక్కసారి చెబితే నమ్మారు. నిజం ఎన్నిసార్లు చెప్పాలి? గొంతు చించుకోవాలా?

ఇక అనిత. అవ్వ మనవరాలు, లౌతోకాలో నర్సు. ఇంటి గేటుమీద ఇంగ్లీషు అక్షరాల్లో ఎనుములవలస అని బోర్డు పెట్టించుకుంది. ఏటా అవ్వ తిథికి పంతులుగారు అడిగితే ఊరి పేరు అదే చెబుతుంది. నేను ఎదురుగా చాపమీద కూర్చుని ఉంటాను. అగ్ని ముందు, మంత్రం మధ్యలో, నా కోత గంభీరంగా వినబడుతుంది. మొన్న అంది, వచ్చే సెలవుల్లో ఇండియా వెళ్తుందట. ఆ ఊళ్ళో ఒక పూట భోంచేసి వస్తుందట.

పక్కకి పిలిచి చెప్పాను. ఆ ఊరు ఎక్కడా లేదనీ, పెట్టె చెప్పలేదనీ, నేను చెప్పాననీ. చేతులు పట్టుకుని చెప్పాను.

"కాకా," అంది నవ్వుతూ, "రైలు నడిపిన ముంగిసది కూడా ఆ ఊరేనా?"

తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపింది. ఒక్క క్షణం. నమ్ముతుందనుకున్నాను. నా బీపీ చూస్తానని లోపలికి తీసుకెళ్ళింది.

ఇదంతా తెలుగులో రాస్తున్నానని మీరు గమనించే ఉంటారు. అనితకి తెలుగు చదవడం రాదు. లోవులో ఇది చదవగలిగేవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అయితే ఇది ఒప్పుకోలా, ఇంకో దాగుడుమూతా? ఎవరిని మోసం చేశానో వాళ్ళకి అర్థం కాని భాషలో చెప్పడం ఏం ధైర్యం? ఇది రాస్తూ నాలుగైదుసార్లు కాగితం నలిపి పారేశాను. ఇంగ్లీషులోనో హిందీలోనో రాసి అనిత చేతికిస్తే మళ్ళీ నవ్వుతుంది, దాన్ని కూడా కథే అనుకుని దాచుకుంటుంది. ఇవ్వాలి. అయినా ఇవ్వాలి. ఇస్తానని ఇక్కడ రాయను. నా మాటకి విలువెంతో మీకు తెలుసు.

కానీ తెలుగులో రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మీలో ఎవరైనా సముద్రానికి అటువైపు చదువుతుండవచ్చు. మీ ఊరు "సీ" అనే అక్షరంతో మొదలవుతుండవచ్చు. వెనక పడుకున్న ఎనుములాంటి కొండ ఉండవచ్చు. వాగు, తాటిచెట్లు, పొగమంచు వెతక్కండి. అవి నావి. కొండా, అక్షరమూ మాత్రం నావి కావు. అవి అప్పలమ్మవ్వవి. ఇన్నాళ్ళూ నా దగ్గర ఉంచేసుకున్నాను. ఇదిగో, ఇక్కడ పెడుతున్నాను.

పెట్టాక మెడ కాస్త తేలికైంది. అదీ నాకు ఒళ్ళు మండేలాగే ఉంది. తేలికవడానికి నేనెవర్ని?

మీ ఊళ్ళో పూర్వం ఒక పిల్ల ఉండేది. అన్న సంతకి వెళ్ళాడు. కుండలో అంబలి ఉంది. నేనొచ్చేదాకా ముట్టుకోకు అన్నాడు. ఆ అన్న కబురు ఏ ఇంటికీ చేరలేదు. ఏ గడపలోనూ ఎవరూ నిలబడలేదు. తినేసిందని నేను చెప్పాను.

తినలేదు.